పాత స్టాంపు పత్రికల్లో అసలు సరుకు అట్టల మీదే ఉంది

స్టాంపుల సేకరణ మీద వచ్చిన పాత పత్రికల బౌండు వాల్యూమ్ చేతికొస్తే చాలామంది నేరుగా వ్యాసాల దగ్గరికి వెళ్తారు. మొదట చూడాల్సింది అవి కావు. నెలనెలా వచ్చిన అట్టలు, ప్రకటనల కాగితాలు వాల్యూములో ఉన్నాయా, లేవా అన్నది ముందు చూడాలి. కొత్తగా వచ్చిన స్టాంపుల శీర్షిక ఏ పేజీలో మొదలవుతోందో ఆ తర్వాత చూడాలి. వ్యాసాల్లో రాసినదాన్ని తర్వాతి తరాల పుస్తకాలు సరిదిద్దాయి, చాలావాటిని పక్కన పెట్టేశాయి. కానీ ఫలానా స్టాంపు ఫలానా నెలలో ఫలానా కొట్లో ఫలానా ధరకు దొరికేదన్న సంగతి ఆనాటి ప్రకటనలో తప్ప ఇంకెక్కడా ఉండదు. బైండింగ్ చేసేవాళ్లు మొట్టమొదట పీకి పారేసింది సరిగ్గా ఆ కాగితాలనే.

ఈ పత్రికలు పుట్టింది అంగడిలో. ఆ సంగతి గుర్తు పెట్టుకుంటే వాటిని ఎలా చదవాలో తెలుస్తుంది.

1840 మే 6న బ్రిటన్‌లో ప్రపంచంలో మొదటి తపాలా స్టాంపు పెన్నీ బ్లాక్ వాడకంలోకి వచ్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో స్టాంపులు వేసే దేశాలు, వలస రాజ్యాలు ఎన్నో పెరిగాయి. ఏ దేశం ఏ స్టాంపు వేసిందో చెప్పే జాబితా కావాలి. 1861లో స్ట్రాస్‌బూర్‌లో ఆస్కార్ బెర్జె-లెవ్రో ఒకటి వేశాడు. అదే ఏడాది చివర్లో పారిస్‌లో ఆల్ఫ్రెద్ పోతికె ఇంకొకటి వేశాడు. 1862లో లండన్‌లో మౌంట్ బ్రౌన్ క్యాటలాగు వచ్చింది, బ్రిటిష్ మ్యూజియంలో జంతుశాస్త్రం చూసే జాన్ ఎడ్వర్డ్ గ్రే చేతిపుస్తకమూ వచ్చింది. అన్నిటికీ ఒకటే జబ్బు. పుస్తకం ప్రెస్సు దాటి వచ్చేసరికి ఎక్కడో కొత్త స్టాంపు వచ్చేసేది, జాబితా పాతబడిపోయేది. మౌంట్ బ్రౌన్ రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ మళ్లీ కొత్త ముద్రణలు వేయాల్సి వచ్చింది. కొన్నవాడు ప్రతిసారీ మొత్తం పుస్తకం మళ్లీ కొనాలి. దాని బదులు కొత్తగా వచ్చినవాటిని మాత్రం నెలకోసారి చిన్న పుస్తకంగా పంపితే? స్టాంపు పత్రిక అలా మొదలైంది. అది క్యాటలాగుకు నెలవారీ అనుబంధం, వెనక పేజీల్లో ధరల పట్టిక.

1862 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో మంత్లీ ఇంటెలిజెన్సర్ అనే పత్రిక వచ్చింది. అందులో స్టాంపులతో పాటు ఇతర విషయాలూ ఉండేవి. కేవలం స్టాంపుల కోసమే వచ్చిన మొదటిది మంత్లీ అడ్వర్టైజర్. లివర్‌పూల్‌లో ఎడ్వర్డ్ మూర్ కంపెనీ 1862 డిసెంబరు 15న దాన్ని తెచ్చింది. పేరులోనే ప్రకటనల సంగతి ఉంది, దాచుకోలేదు. దాదాపు ఏడు వారాలకు, 1863 ఫిబ్రవరి 1న, బాత్ పట్టణం నుంచి స్టాంప్-కలెక్టర్స్ మేగజైన్ వచ్చింది. స్టాంపుల వ్యాపారం చేసే స్మిత్‌లదే ఆ పత్రిక. తొలి ఏళ్లలో సంపాదకుడు డాక్టర్ సి. డబ్ల్యూ. వైనర్. 1874 దాకా నడిచింది. మరో రెండు వారాలకు, ఫిబ్రవరి 15న, బ్రసెల్స్‌లో జాన్-బాప్తిస్త్ మోయెన్స్ లె తింబ్ర్-పోస్త్ మొదలుపెట్టాడు. గాలెరీ బోర్తియేలో ఆయనకు పుస్తకాల కొట్టు ఉండేది, స్టాంపులూ అమ్మేవాడు. ఆ పత్రికను 1900 దాకా, 38 ఏళ్లు, ఆయనే నడిపాడు. ఒక మనిషి చేతిలో అంతకాలం ఆగకుండా నడిచింది కాబట్టి పేర్లు, రంగులు, వర్ణనలు రాసే పద్ధతి పెద్దగా మారలేదు. 19వ శతాబ్దపు స్టాంపుల మీద పనిచేసేవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే పత్రిక అదేనని నా అభిప్రాయం. ఫ్రెంచి రాకపోయినా పర్వాలేదు. కొత్త స్టాంపుల శీర్షికలో వాడే మాటలు మహా అయితే వంద, రంగుల పేర్లు, కాగితం రకాలు, విలువలు. ఒక్క వారంలో అలవాటవుతాయి.

ఇక్కడో చిక్కుంది. సరుకు అమ్మేవాడూ, ఆ సరుకు అసలైనదో కాదో తేల్చేవాడూ ఒకడే. తన దగ్గర మూటలు మూటలుగా ఉన్న స్టాంపును మోయెన్స్ గానీ, బాత్ స్మిత్‌లు గానీ సులువుగా బోగస్ అనరు. పోటీదారు దగ్గరున్నదాన్ని అనడానికి వెనకాడరు. అందుకే ఒక పత్రికను ఒంటరిగా చదవకూడదు. ఒక స్టాంపు ఎప్పుడొచ్చిందో తేల్చాలంటే బాత్ పత్రిక, బ్రసెల్స్ పత్రిక పక్కపక్కన పెట్టి, అనుకున్న నెలకు ముందు మూడు, తర్వాత మూడు సంచికలు చూడాలి. రెండింట్లోనూ కబురు ఉంటే అది ఎవరి నుంచి వచ్చిందో చూడాలి. ఆ దేశంలో ఉన్న మనిషి ఉత్తరం రాశాడా, స్టాంపు అంటించిన కవరు సంపాదకుడి చేతికి వచ్చిందా, లేక పక్క పత్రికలోంచి ఎత్తి రాశారా? ఎత్తి రాసినదైతే రెండు సాక్ష్యాలు కాదు, ఒక్కటే. పట్టుకోవడం తేలిక. పేరులో అదే అచ్చుతప్పు ఉంటుంది, రంగుకు అదే వింత మాట ఉంటుంది, అదే బొమ్మ ఉంటుంది.

బొమ్మల సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పప్పులో కాలేసేది అక్కడే. 1890ల ముందు పత్రికల్లో కనిపించే స్టాంపు బొమ్మలు ఫొటోలు కావు. చెక్కదిమ్మ మీద చేత్తో చెక్కినవి. ఆ దిమ్మకు లోహపు నకళ్లు పోయించి, ఒక ప్రచురణకర్త ఇంకొకరికి అమ్మేవాడు. ఒకే బొమ్మ పత్రికలో, క్యాటలాగులో, ఆల్బమ్ గళ్లలో కనిపించడానికి కారణం అదే. చెక్కినవాడు రాజు మొహం పక్కనున్న గీతలు లెక్కపెట్టి చెక్కలేదు, మూలల్లోని అలంకారం ఉజ్జాయింపుగా వేశాడు. ఒక్కోసారి ఆయన ముందున్నదే నకిలీ స్టాంపు. కాబట్టి మీ దగ్గరున్న స్టాంపును ఆ బొమ్మతో పోల్చి అసలైనదని తేల్చడం కుదరదు, నకిలీ అని కూడా తేల్చలేం. ఆ బొమ్మ చెప్పేది ఒక్కటే, ఈ డిజైను ఆ నెలకే లోకానికి తెలుసునని. 1890ల తర్వాత, ఫొటోను చుక్కలుగా మార్చి అచ్చు వేసే హాఫ్‌టోన్ బ్లాకులు వచ్చాయి. వాటిలో చుక్కలుంటాయి. భూతద్దం పెడితే స్టాంపు గీత కనపడదు, చుక్కే కనపడుతుంది. పెద్దగా చేసి చూసే పనికి విడిగా అంటించిన ఫొటో ప్లేట్లే నమ్మదగినవి.

చట్టం కూడా అడ్డుపడేది. బ్రిటన్‌లో 1884 నాటి తపాలా రక్షణ చట్టం నకిలీ స్టాంపు తయారు చేసే దిమ్మ దగ్గర పెట్టుకోవడమే నేరమంది. 1896లో డికిన్స్ వర్సెస్ గిల్ కేసు నడిచింది. పుస్తకంలో నలుపు తెలుపు బొమ్మ అచ్చు వేసుకోవడానికే దిమ్మ చేయించామన్నా కోర్టు ఒప్పుకోలేదు. అమెరికాలో సొంత దేశపు స్టాంపుల బొమ్మను నలుపులో వేసుకోవడానికి చట్టం స్పష్టంగా అనుమతించింది 1938లో. అంతకు ముందు ఏళ్ల అమెరికన్ పత్రికల్లో అక్కడి స్టాంపుల గురించి పేజీలకు పేజీలు మాటల్లోనే ఉండి, బొమ్మ లేకపోతే అది సంపాదకుడి బద్ధకం కాదు.

పళ్ల లెక్క పుట్టింది కూడా పత్రికలోనే. స్టాంపు అంచున ఉండే పళ్లను రెండు సెంటీమీటర్ల పొడవులో లెక్కపెట్టే కొలబద్దను డాక్టర్ లెగ్రాన్ అనే పారిస్ వైద్యుడు 1866లో లె తింబ్రొఫిల్ పత్రికలో ప్రచురించాడు. ఈ రోజుకీ పెర్ఫొరేషన్ 11½ అంటే రెండు సెంటీమీటర్లలో పదకొండున్నర రంధ్రాలనే. ఇది గుర్తుంటే పాత సంచికలు చదవడంలో ఒక పొరపాటు తప్పుతుంది. 1866కు ముందటి వర్ణనల్లో "పళ్లు ఉన్నాయి", "లేవు" అనే రెండు మాటలే ఉంటాయి. సన్నపు పళ్ల రకం, పెద్ద పళ్ల రకం విడిగా రాయలేదంటే రెండూ ఒకేసారి వచ్చాయని కాదు. లెక్కపెట్టే సాధనం అప్పటికి లేదు, అంతే.

అట్లాంటిక్ అవతల మొదటి స్టాంపు పత్రిక నడిపినవాడు నకిలీల తయారీలో పేరుమోసిన మనిషి. 1864లో శామ్యూల్ ఆలన్ టేలర్ మాంట్రియాల్‌లో స్టాంప్ కలెక్టర్స్ రికార్డ్ మొదలుపెట్టి, ఆ తర్వాత ఆల్బనీకి మార్చాడు. లేని తపాలా సంస్థల పేర్లతో స్టాంపులు అచ్చు వేయడం, వాటికి తన పత్రికలోనే ప్రచారం ఇవ్వడం ఆయన పని. ఆ పత్రికలో ఏదైనా స్టాంపు గురించి ఘనంగా రాసి ఉంటే దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. కానీ ఆ సంచికలు పారేయాల్సినవీ కావు. నకిలీ ఏ నెలలో బయటికొచ్చిందో దానికన్నా కచ్చితంగా చెప్పేది మరొకటి లేదు.

అమెరికాలో స్టాంపు పత్రికలు కుప్పలుతెప్పలుగా పుట్టడానికి కారణం తపాలా రేటు. 1879 చట్టం పత్రికలను సెకండ్ క్లాసు టపాగా విడదీసింది. 1885లో ఆ రేటు పౌను బరువుకు రెండు సెంట్ల నుంచి ఒక సెంటుకు దిగింది. లెక్క వేసి చూడండి. నాలుగు పేజీల చిన్న పత్రిక ప్రతి అర ఔన్సు తూగితే పౌనుకు 32 ప్రతులు. 500 ప్రతులకు పదహారు పౌన్లు, అంటే 16 సెంట్లు. అదే మామూలు అచ్చు కాగితంగా థర్డ్ క్లాసులో పంపితే ప్రతికి ఒక సెంటు చొప్పున అయిదు డాలర్లు. హైస్కూలు పిల్లాడు కూడా చిన్న చేతి ప్రెస్సుతో పత్రిక పెట్టగలిగాడంటే ఇందుకే. అయితే ఆ రాయితీకి షరతులున్నాయి. ఏడాదికి కనీసం నాలుగుసార్లు నియమంగా రావాలి, సంచికలకు వరస నంబరు ఉండాలి, నిజమైన చందాదార్ల జాబితా ఉండాలి, కేవలం ప్రకటనల కోసం వేసినది కాకూడదు. ఆ చివరి షరతు వల్లే ధరల పట్టిక లాంటి కాగితాల్లో కూడా ముందు ఒకటి రెండు వ్యాసాలు కనిపిస్తాయి. మొదటి పేజీలో సెకండ్ క్లాసు కింద నమోదైందనే చిన్న పంక్తి ఉందో లేదో చూడండి. వరసగా ఉన్న సంచికల్లో అది హఠాత్తుగా మాయమైతే పోస్టాఫీసు రాయితీ తీసేసి ఉండొచ్చు. అలాంటి పత్రిక తర్వాత ఎక్కువ కాలం బతకదు. ఈ గుంపులోంచి గట్టిగా నిలబడినవీ ఉన్నాయి. 1887లో మొదలైన అమెరికన్ ఫిలాటెలిస్ట్ ఇప్పటికీ వస్తోంది. సెయింట్ లూయిస్ నుంచి మెకీల్స్ వారపత్రిక 1891లో వచ్చింది, ఒహాయోలో జార్జ్ లిన్ పెట్టిన లిన్స్ 1928లో వచ్చింది.

బ్రిటన్‌లో అప్పటి నియమం ఇంకో రకం. 1870 చట్టం ప్రకారం వార్తాపత్రికగా నమోదు కావాలంటే ఏడు రోజులకు మించకుండా రావాలి. అప్పుడు ప్రతికి అరపెన్నీ. నెలకోసారి వచ్చేది ఆ లెక్కలోకి రాదు, బరువును బట్టి రెండు ఔన్సులకు అరపెన్నీ చొప్పున కట్టాలి. రెండు ఔన్సులు దాటితే ఖర్చు రెట్టింపు. నెలపత్రికల ప్రకటనల పేజీలు అంత పల్చని, రంగు వెలిసే కాగితం మీద ఎందుకున్నాయో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. మన దేశంలో 1898 పోస్టాఫీసు చట్టం 9వ సెక్షను ఈ గడువును 31 రోజులుగా పెట్టింది, నిజమైన చందాదార్ల జాబితా కూడా అడిగింది. 2024లో రద్దయ్యే దాకా ఆ చట్టం కింద మూడు నెలలకోసారి వచ్చే క్లబ్బు బులెటిన్‌కు ఆ రాయితీ దక్కేది కాదు, బుక్ పోస్టులోనే పంపాల్సి వచ్చేది.

డీలర్ల పత్రికల పక్కన స్టాంపులు సేకరించేవాళ్ల సంఘాల పత్రికలు వచ్చాక మాట తీరు మారింది. చార్లెస్ ఫిలిప్స్ 1890లో స్టాన్లీ గిబ్బన్స్ స్టాంపుల వ్యాపారం 25,000 పౌండ్లకు కొని, అదే ఏడాది మంత్లీ జర్నల్ పెట్టి మేజర్ ఎవాన్స్‌కు సంపాదకత్వం ఇచ్చాడు. అది డీలరు పత్రికే అయినా ఎవాన్స్ చేతిలో ఉండటం వల్ల కొత్త స్టాంపుల శీర్షిక గట్టిగా ఉండేది. 1892 జనవరిలో లండన్ సంఘం లండన్ ఫిలాటెలిస్ట్ తెచ్చింది. ఎం. పి. కాసిల్ పాతికేళ్లు దాన్ని నడిపాడు. ఆ పత్రిక ఇప్పటికీ ఆగలేదు. సంఘం పత్రికలో అమ్మకం ఒత్తిడి తక్కువ, కానీ వేగమూ తక్కువే. సమావేశంలో చదివిన వ్యాసం అచ్చులోకి రావడానికి నెలలు పట్టేది. తొలి తేదీ కావాలంటే డీలరు పత్రిక, అచ్చుల తేడాల మీద లోతైన వివరం కావాలంటే సంఘం పత్రిక, ఇదీ స్థూలంగా విభజన.

మన దేశానికి వస్తే, 1897లో ఫిలాటెలిక్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది, అదే ఏడాది ఫిలాటెలిక్ జర్నల్ ఆఫ్ ఇండియా వచ్చింది. లాహోరులో ఉన్న డేవిడ్ మాసన్ సంఘానికి అధ్యక్షుడు. కాశ్మీరు స్టాంపుల మీద పని చేసిన మనిషి. సి. స్టూవర్ట్-విల్సన్ తపాలా శాఖ అధికారి, తర్వాత 1906 నుంచి 1913 దాకా ఆ శాఖకే డైరెక్టర్ జనరల్. చంబా, ఫరీద్‌కోట్, గ్వాలియర్, జీంద్, నాభా, పటియాలా సంస్థానాల కోసం బ్రిటిష్ ఇండియా స్టాంపుల మీద పేరు అచ్చు వేసేవాళ్లు. ఆ స్టాంపుల మీద ఆయన రాసినదానికి విలువ ఎందుకంటే అది శాఖ లోపలి మనిషి రాసినది. బయటి డీలరుకు ఎన్నటికీ అందని లెక్కలు అవి. హౌస్‌బర్గ్, స్టూవర్ట్-విల్సన్, క్రాఫ్టన్ కలిసి 1907లో తెచ్చిన బ్రిటిష్ ఇండియా స్టాంపుల పుస్తకం ఆ జర్నలు చుట్టూ చేరిన మనుషుల పనే. 20వ శతాబ్దం మధ్యలో బొంబాయి నుంచి జాల్ కూపర్ నడిపిన ఇండియాస్ స్టాంప్ జర్నల్, 1950లో బ్రిటన్‌లో ఏర్పడిన ఇండియా స్టడీ సర్కిల్ పత్రిక ఇండియా పోస్ట్, ఈ రెండూ కూడా మన స్టాంపుల మీద పనిచేసేవాళ్లకు తప్పనిసరి.

పత్రికలో లేదు కాబట్టి స్టాంపే లేదనుకోవచ్చా? దీనికి మన 1854 నాలుగణాల స్టాంపును మించిన ఉదాహరణ లేదు. కలకత్తాలో సర్వేయర్ జనరల్ కార్యాలయంలో, కెప్టెన్ తుయిలియర్ చూస్తుండగా, రాతి అచ్చు మీద వేసిన రెండు రంగుల స్టాంపు అది. ఎర్ర చట్రం ఒకసారి, విక్టోరియా నీలి తల ఇంకోసారి. మొదట షీటుకు 12 స్టాంపులే. ఒకే కాగితం రెండుసార్లు ప్రెస్సు కిందికి వెళ్లాలి కదా, రెండోసారి కాగితం తిరగబడి పెడితే తల తలకిందులుగా పడుతుంది. అలా పడ్డాయి కూడా. వాటిని పోస్టాఫీసుల్లో అమ్మారు, జనం ఉత్తరాల మీద అంటించారు, ముద్ర కొట్టారు. అయినా ఆ పొరపాటు ప్రస్తావన మొదటిసారి వచ్చింది 1874లో, లండన్ సంఘం సమావేశంలో. ఇరవై ఏళ్ల పాటు, అందులో పదకొండేళ్లు నెలనెలా పత్రికలు వస్తుండగా, ఎవరూ పసిగట్టలేదు. ఆ కాలంలో ఈ స్టాంపును ఎనిమిది మూలల చట్రం వెంబడి కత్తిరించి అంటించడం మామూలు. చుట్టూ కాగితం లేకపోతే ఏది పైనో ఏది కిందో వెంటనే తోచదు. కాబట్టి కొత్త డిజైను, కొత్త విలువ విషయంలో పత్రికల మౌనానికి బరువుంది. అచ్చు పొరపాట్ల విషయంలో ఆ మౌనానికి విలువ లేదు.

హైదరాబాదు నిజాం స్టాంపులు సేకరించేవాళ్లకు ఈ పత్రికలు ఇంకో రకంగా అక్కరకొస్తాయి. సంస్థానం మొదటి స్టాంపు 1869లో వచ్చింది, ఒక అణా. 1871లో వచ్చిన, కలెక్టర్లు అస్థిపంజరం రకం అని పిలుచుకునే డిజైను మీద తెలుగు అక్షరాల్లో కూడా విలువ ఉంటుంది. ఆ డిజైను మూడు దశాబ్దాలకు పైగా అచ్చవుతూనే ఉంది, పళ్లు మారాయి, రంగు ఛాయలు మారాయి. స్టాంపు మీద తేదీ లేదు. ఏ ఛాయ ఎప్పటిదో తేల్చడానికి దారులు రెండే. ముద్రలో తేదీ కనపడే కవరు, లేదంటే ఆ ఛాయ చేతికొచ్చిందని ఏదో ఒక పత్రిక రాసిన నెల.

వెతికేటప్పుడు అసలు సమస్య పేర్లు. 19వ శతాబ్దపు పత్రికల్లో హైదరాబాదు కింద వెతికితే సగం దొరకవు. డెక్కన్ అని వెతకాలి. కాశ్మీరుకు సి అక్షరంతో మొదలయ్యే పాత స్పెల్లింగు, జునాగఢ్ స్టాంపులకు సోరుత్, సింధ్‌కు చివర ఇ ఉన్న స్పెల్లింగు. ఫ్రెంచి పత్రికల్లో ఇండియా స్టాంపులు ఆంగ్ల ఇండియా శీర్షిక కింద ఉంటాయి. స్కాన్ చేసిన ప్రతుల్లో కంప్యూటరు చదివే అక్షరాల మీద ఆధారపడొద్దు. అర అణా గుర్తులోని ½ చాలాసార్లు ఏదో ఒక ఇంగ్లిషు అక్షరంగా మారిపోతుంది. రెండు కాలమ్‌ల పేజీలో పంక్తులు కలిసిపోతాయి. అనుకున్న ఏడాది వార్షిక సూచిక తెరిచి, అందులోంచి పేజీ నంబర్లు రాసుకుని, ఆ పేజీలను కంటితో చదవడమే దారి. సూచిక చివరి సంచికతో విడిగా వచ్చేది, బైండింగులో ముందు పెట్టారో వెనక పెట్టారో రెండు చోట్లా చూడండి.

స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్, హాతీట్రస్ట్ వెబ్‌సైట్లలో ఉన్నాయి. అమెరికన్ ఫిలాటెలిక్ రీసెర్చ్ లైబ్రరీ పెన్సిల్వేనియాలోని బెల్‌ఫాంట్‌లో ఉంది. ఈ సాహిత్యం మొత్తానికి పెద్ద దిక్కు క్రాఫర్డ్ ప్రభువు గ్రంథాలయం. సెయింట్ లూయిస్‌లో జాన్ టిఫనీ జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలు, పత్రికలు క్రాఫర్డ్ కొన్నాడు, తను ఇంకా చేర్చాడు. 1911లో ఎడ్వర్డ్ బేకన్ దాని జాబితా తయారు చేశాడు. 1913లో ప్రభువు పోయాక అది బ్రిటిష్ మ్యూజియానికి చేరింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఏ పత్రిక ఎన్ని సంచికలు వచ్చింది, పేరు ఎప్పుడు మారింది అన్న సందేహం వస్తే బేకన్ జాబితానే మొదట తెరవాలి. ఒక్క మెళకువ: లైబ్రరీ వాల్యూములను స్కాన్ చేస్తే అట్టలు లేని ప్రతే స్కాన్ అవుతుంది, మడత ప్లేట్లు విప్పకుండానే స్కాన్ చేస్తారు. ఒకే వాల్యూముకు రెండు మూడు లైబ్రరీల స్కాన్లు ఉంటే అన్నీ తెరిచి చూడండి. ఒకదానిలో అట్టలు దొరకొచ్చు.

కొనేటప్పుడు ఏం లెక్కపెట్టాలి? పుస్తకం సైజును బట్టి ఒక షీటు మడిస్తే 8 లేదా 16 పేజీలు వస్తాయి కాబట్టి సంచిక పేజీలు సాధారణంగా నాలుగుతో భాగించబడాలి. కుదరకపోతే ఏదో కాగితం పోయింది, లేదా విడిగా అంటించిన ప్లేటును పేజీగా లెక్కించారు. పేజీ నంబర్లు ఏడాది పొడుగునా ఒకే వరసలో సాగుతాయి, ప్రకటనలకు వేరే వరస ఉంటుంది లేదా నంబరే ఉండదు. అందుకే ప్రకటనలు పోయినా లోపం బయటపడదు. అమ్మేవాళ్లు "సంపూర్ణం" అన్నప్పుడు అట్టలతో సహానా అని విడిగా అడగండి. తేదీ అట్ట మీదే ఉండి లోపలి పేజీలో వాల్యూమ్ నంబరే ఉండే పత్రికలకు అట్టలు లేకపోతే నెల తేల్చడం కష్టం. టపాలో చుట్టి పంపిన కాగితపు పట్టీ స్టాంపుతో సహా మిగిలి ఉంటే దాన్ని పత్రిక నుంచి విడదీయకండి. తెరవాలంటే చింపాల్సిందే కాబట్టి అవి చాలా తక్కువగా మిగిలాయి.

ఇక భద్రపరచడం. 1860ల కాగితం చాలావరకు గట్టిదే. 1880ల నుంచి చెక్కగుజ్జు కాగితం ఎక్కువైంది, వారపత్రికల న్యూస్‌ప్రింట్ మరీ పెళుసు. అదే కాలం నుంచి ఇనుప తీగ పిన్నులు వచ్చాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో ఆ పిన్నులు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. తీసేయడమే మంచిది. సంచికను మధ్య పేజీ దగ్గర తెరిచి, మొద్దు అంచున్న పల్చని రేకుతో పిన్ను కాళ్లు నిటారుగా లేపి, వెనక నుంచి మెల్లగా లాగాలి. కాళ్లు వంకరగా ఉండగా లాగితే మడత చిరుగుతుంది. తర్వాత మడత మీద మూడు రంధ్రాలు, పాత పిన్ను రంధ్రాలు గట్టిగా ఉంటే వాటినే వాడుకోవచ్చు. మడత పొడవుకు రెండున్నర రెట్లు తెల్ల నూలు దారం తీసుకుని, మధ్య రంధ్రంలోంచి మొదలుపెట్టి పైకి, కిందికి వెళ్లి మళ్లీ మధ్యకొచ్చి ముడి వేయాలి. బిగించి లాగొద్దు, పెళుసు కాగితాన్ని దారమే కోసేస్తుంది.

చిరుగులకు సెలోటేపు వద్దే వద్దు, పదేళ్లకు జిగురు పసుపు మరకై అటూ ఇటూ పేజీలకు దిగుతుంది. కవర్లు పాలిస్టర్‌వి వాడండి, పీవీసీ కాదు. కలరా ఉండలు ప్లాస్టిక్‌తో కలిపి పెట్టొద్దు. పెట్టెలో పడుకోబెట్టి ఉంచాలి, నిలబెడితే అట్టలు వంగుతాయి. తేమ 50 శాతం దగ్గర ఉంటే బాగుంటుంది. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడొచ్చు.

ఇప్పటి సంగతి కూడా ఇదే పట్టుతో చూడాలి. కొత్త స్టాంపుల కబుర్లు చాలావరకు పీడీఎఫ్ బులెటిన్లకు, ఈమెయిళ్లకు మారాయి, ప్రకటనలు వేలం సైట్లకు వెళ్లాయి. అబిడ్స్ జీపీవో లాంటి చోట్ల ఉన్న ఫిలాటెలీ బ్యూరోల్లో డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికొస్తాయి, కానీ వాటి ధర ఏ నెలలో ఎంత పలికిందో ఎవరూ అచ్చు వేయడం లేదు. అందుకని అందుకున్న ప్రతి బులెటిన్‌ను ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత సంచిక నంబరు పెట్టి దాచండి. వేలం ఫలితాల పేజీని లింకుగా కాక పీడీఎఫ్‌గా, తేదీ కనపడేలా దింపుకోండి. రెండు వేర్వేరు డిస్కుల్లో ఉంచండి, ఒక ప్రతి మీ క్లబ్బు గ్రంథాలయానికి ఏటా ఒకసారి ఇవ్వండి, ప్రకటనల పేజీలు తీసేయకుండా.